నిప్పుకొండకి బ్రేకు

ల్యాబు ఎదుటి టీ కొట్టులో వ్యాను డ్రైవరు బెంచీ మధ్యలో కూర్చున్నాడంటే మిగతావాళ్లు అంచులకి సర్దుకోవాల్సిందే. ఆయన కోతలకి ఆ మాత్రం చోటు కావాలి మరి. ల్యాబులో రాళ్లు కోసే అమ్మాయి టీ మాత్రం ఆ వేళ గ్లాసులోనే చల్లారిపోతోంది. నిన్న ఆయన వ్యానులో వచ్చిన పెట్టెలోంచి ఉల్క ఒకటి మాయమైంది. సంతకం పెట్టి దించుకున్నది తనే. సాయంత్రంలోగా దొరక్కపోతే ఉద్యోగం ఊడినట్టే.

"ఆ రాయి సంగతి నన్నడుగు," అన్నాడు డ్రైవరు. "ఏదో బుల్లి గ్రహం మీద నిప్పుకొండ పేలి, లావా పారి, గడ్డకట్టిన ముక్కట అది. వందల కోట్ల ఏళ్ల కిందటి మాట, పెద్దసారే చెప్పారు. మరి అది ఆకాశంలోంచి పడుతుంటే ముందు చూసిందెవరు? నేను! టోపీ తీసి పట్టా."

"టోపీ కాలలేదూ?" అంది టీ కొట్టు అత్త.

"తడిపి పట్టా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల లావా ఇంకా కుతకుతలాడుతోంది! దాని మీద గిన్నె పెట్టి నలభైమందికి టీ కాచా, అయినా చల్లారదే! పొంగి రోడ్డంతా పారింది. వ్యాను అడ్డంపెట్టి హ్యాండ్‌బ్రేకు లాగానో లేదో, లావా ఉన్నచోటే ఆగిపోయింది. నిప్పుకొండకి బ్రేకు వేసిన మొనగాడు ఇంకొకడుంటే చూపించండి!"

"అయస్కాంతం పెట్టి చూశావా మావయ్యా?" అంది అమ్మాయి నీరసంగా.

"చూడకుండా ఉంటానా? ఠపీమని అంటుకుంది! నా బెల్టు, నాలుగు సైకిళ్లు, ఎదురొస్తున్న లారీ, అన్నీ వచ్చి అతుక్కున్నాయి. ఊడదీసేసరికి తల ప్రాణం తోకకొచ్చిందనుకో!"

అంత దిగులులోనూ అమ్మాయికి నవ్వొచ్చింది. "అది లావా రాయి మావయ్యా. మామూలు ఉల్కల్లోలా దీంట్లో విడిగా ఇనుము దాదాపు ఉండదు. అయస్కాంతం అంటుకోదు."

డ్రైవరు గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "అంటుకోదా?"

"అదేంటయ్యా," అంది అత్త. "పొద్దున బండిలో దొరికిన నల్లరాయి పెట్టెలోదేమోనని అయస్కాంతం పెట్టి చూశావు. అంటుకోలేదు, ఉత్త రాయే అన్నావు. నీ హ్యాండ్‌బ్రేకు చెడి వారమైందని చక్రం కింద అదేగా పెట్టావు?"

అమ్మాయి ఒక్క పరుగు తీసింది. వెనక చక్రం కింద, నల్లగా మెరిసే పెంకుతో, ఒక మూల మాత్రం గీసుకుని బూడిదరంగు కనబడుతూ, నిక్షేపంగా ఉంది రాయి. బలంకొద్దీ లాగి గుండెకి హత్తుకుంది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి.

ఈలోగా వ్యాను మెల్లగా పల్లంలోకి జారడం మొదలుపెట్టింది. డ్రైవరు గ్లాసు వదిలేసి, "ఆగు, ఆగు!" అని అరుస్తూ దాని వెనక పడ్డాడు.

"కంగారెందుకయ్యా?" అత్త కొట్టులోంచే కేకేసింది. "టోపీ అడ్డం పెట్టు!"