కాలవగట్టు మీద పిల్లల పందిరి

"మామ్మా, మా నాన్న నిన్ను చూస్తే చాలు, తలొంచుకుని నవ్వుతాడేంటి?"

నవ్వడా మరి! కూర్చో, చెప్తాను. మనూళ్ళోకి ఉపాధి పని కొత్తగా వచ్చిన ఏడు. వేసవి కదా, కాలవకి నీళ్ళు కట్టేశారు, పూడిక తీసే పని. అప్పటికే మా ఆయన పోయి చాన్నాళ్ళైంది, కొడుకు దగ్గరే తిండి. బాగానే చూసేవాడులే, అబద్ధమెందుకు? కానీ ఆదివారం చర్చిలో కానుకల సంచి నా ముందుకొచ్చేసరికి చెయ్యి ఖాళీ. కోడల్ని అడగాలంటే సిగ్గు. దేవుడికి నా కష్టంలోంచి ఇవ్వాలని మహా ఇదిగా ఉండేదే.

సరే, పనికెళ్ళాను. ఏ జట్టూ రానివ్వలేదు. తవ్విన మట్టి కొలిచి జట్టంతటికీ కలిపి కూలి కడతారు కదా, ముసిల్దాన్ని కలుపుకుంటే అందరికీ తగ్గిపోద్దని. ఏడుపొచ్చేసింది నాకు. అప్పుడు పనులు చూసే ఆఫీసమ్మాయి, పెదపాడు నుంచి వచ్చేది, బలే చలాకీ పిల్ల, చేపల పులుసంటే ప్రాణం... ఏం చెప్తన్నానూ? ఆఁ, ఆ అమ్మాయి అంది గదా, "మామ్మగారూ, తల్లులంతా పనిలో ఉన్నారు, గట్టు మీద పందిరేయిస్తాను, అందులో పిల్లల్ని మీరు చూడండి. అదీ పనేనండి. అందరితో సమానంగా కూలి."

మీ నాన్న ఏసోబు విరగబడి నవ్వాడు. "పిల్లల్నాడించడానికి కూలేంటండీ బాబూ!" అని. నాకూ నిజమే అనిపించింది. పిల్లల్ని సాకడం పనని అంతకుముందు మనకెవరు చెప్పారే?

ఓరోజు నాకు జ్వరమొచ్చింది. ఆ అమ్మాయి మీ నాన్ననే పందిట్లో కూర్చోబెట్టింది, "ఊరికే కూర్చునే పనే కదండీ ఏసోబుగారూ" అని. ఒకడు బురదలోకి పరుగు, ఇంకోడు మజ్జిగ తిరగబోశాడు, నువ్వేమో చీర ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుపు. ఎండ నెత్తిమీదికి రాకముందే మా ఇంటికొచ్చేశాడు, చంకలో నువ్వు, వెనకాల పిల్లల మంద. "అత్తా, నీకు దణ్ణం పెడతాను, వచ్చి పందిట్లో పడుకున్నా చాలు, నేను పోయి పార పట్టుకుంటాను!"

నవ్వకే, నిన్ను చూస్తే నాకూ నవ్వాగదు.

కూలి చేతికొచ్చాక వచ్చిన ఆదివారం కానుకల సంచి పట్టుకొచ్చింది మీ నాన్నే. నోటు మడతపెట్టి వెయ్యబోతున్నాను, మీ అమ్మ ఒళ్ళోంచి నువ్వు లటుక్కున లాక్కున్నావు. మీ నాన్న వంగి నీ వేళ్ళు విడదీసి నోటు నా చేతిలో పెట్టాడు. "వదలవే తల్లీ, అది అత్త కష్టం" అన్నాడు, అందరూ వింటుండగా.

ఎంత సంతోషమేసిందో! ఇలా రా, నీ చెయ్యియ్యి. ఇది ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదే తల్లీ, నీ కష్టం నీ చేతికే రావాలి...