ఎడమచేతి సైన్యం

"సిపాయి బొమ్మలు చెయ్యడం పెద్ద విషయమేం కాదు తల్లీ. మొదట నలభై చేద్దామనుకున్నాను, అంతే. తీగ, మట్టి, కాస్త రంగు. కత్తులకు గుండుసూదులు, డాళ్లకు చొక్కా గుండీలు. ఎవరైనా చెయ్యొచ్చు. నాలా చెయ్యలేరు, అది వేరే సంగతి. ఏమయ్యా, నా టీలో చక్కెర తగ్గించమన్నానా లేదా?"

టీ కొట్టులో పెద్దాయన ఎదురుగా లైబ్రరీ మేడం అట్టముక్క, పెన్ను పట్టుకుని కూర్చుంది. రోడ్డు దాటితే లైబ్రరీ, హాల్లో గాజుపెట్టె, పెట్టెలో పెద్దాయన నిన్న తోపుడుబండి మీద తెచ్చిచ్చిన కోట యుద్ధం. సాయంత్రం నాలుగింటికి ప్రారంభం. అట్టమీద 'తయారుచేసినవారు' అని రాసి పక్కన ఖాళీ వదిలింది.

"పేరు చెప్తే రాసుకుని వెళ్తాను సార్."

"రాద్దువుగాని, తొందరేముంది? ముందు పనేమిటో తెలియాలి కదా! నలభై పెడితే గోడ బోసిపోయింది. నాలుగు వందలు చేశాను. ఎవడి మొహం వాడిదే. మూడో బురుజు దగ్గర ఒకడికి పన్నునొప్పి. వెళ్లి చూడు, బుగ్గ వాచి ఉంటుంది."

"పన్నునొప్పే!" టీ కొట్టతని చేతిలో గరిట ఆగిపోయింది.

"మరేమనుకున్నావ్? మీసాలకు రెండు వెంట్రుకల బ్రష్షు. గీత లావొస్తోందని ఒకటి పీకేశాను. అప్పటికీ లావే. ఉన్న ఒక్కదాన్నీ నిలువునా చీల్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిరంగి! అగ్గిపెట్టెంత ఉంటుంది. పేలుతుందో లేదో చూడకుండా ఇస్తే నా పరువేం కాను? చిటికెడు మందు కూరి, ఆవగింజ పెట్టి అంటించాను. ఢాం! కిటికీలోంచి వెళ్లి ఎదురింటి నీళ్లట్యాంకుకి చిల్లి పెట్టింది, అక్కణ్ణించి పక్క వీధిలో బస్సు టైరు పేల్చింది. డ్రైవరు చేతులెత్తి దిగొచ్చి లొంగిపోయాడు."

"అమ్మ బాబోయ్! ఆవగింజకేనా?" అన్నాడు పక్క సెలూన్ అతను, గుండెమీద చెయ్యేసుకుని.

"గడ్డాలు గీసేవాడివి, యుద్ధం సంగతి నీకేం తెలుసు? విను. ఆ చప్పుడుకి మావాళ్లు ఆగుతారా? నాలుగు వందల మందీ ఒక్క కేక పెట్టి కోట దిగేశారు. హాలు పట్టేశారు, వంటిల్లు పట్టేశారు. నేను స్టూలెక్కి 'వెనక్కి!' అని అరిస్తే, నోరెత్తకుండా ఎవడి చోటికి వాడు పోయాడు. ఒక్కడు మాత్రం కదల్లేదు. సెలవు కావాలన్నాడు."

"సెలవా! ఇచ్చారా?" టీ కొట్టతను పడీపడీ నవ్వాడు.

"ఇవ్వక? కొత్తగా పెళ్లైనవాడు."

మేడం మాత్రం నవ్వలేదు. "సార్, ఒక్క సందేహం. పొద్దున అద్దం తుడుస్తూ చూశాను. గోడమీద వాళ్లందరూ కత్తి ఎడమచేత్తో పట్టుకున్నారు. గోడకింద చచ్చిపడినవాళ్లు మాత్రం కుడిచేత్తో పట్టుకున్నారు. ఎందుకలా?"

పెద్దాయన గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. ఆ సంగతి ఆయన ఇప్పుడే వింటున్నాడు. ఒక గుక్క తాగి, మూతి తుడుచుకున్నాడు.

"భలే పట్టావమ్మా! అది చరిత్ర! ఆ రాజుది ఎడమచేతి సైన్యం. పుట్టగానే కుడిచెయ్యి నడుముకి కట్టేసి పెంచేవారు. ఎడమచేత్తో కత్తి తిప్పినవాడికి చావులేదు. కంగారులో కుడిచేతికి మార్చుకున్నారు చూడు, వాళ్లే ఆ కింద పడ్డవాళ్లు! మూడేళ్లు పరిశోధన చేశాను. ఇక రాయి నా పేరు, పెద్ద అక్షరాలతో."

విన్నవాళ్లు నోళ్లు తెరిచారు. మేడం పెన్ను మూత తీసింది.

"ఎడమచేతా? అందరిదీనా?"

వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన భార్య. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, కుట్టుమిషను మీంచి లేచి తిన్నగా వచ్చినట్టుంది. చేతిలో కోటకు పెట్టాల్సిన చిన్న జెండా. మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో! ఎనిమిది నెలలు చేశాను, ఒక్కసారైనా చూసుకోలేదే! నా కత్తెర పట్టుకుని, బీరువా అద్దంలో చూసుకుంటూ చేశానమ్మా. అద్దంలో కుడిచెయ్యి ఎడమదిలా కనబడుతుందని తట్టనే లేదు."

"మీరు చేశారా!" టీ కొట్టతను పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

ఆమె మొగుడివైపు తిరిగింది. "నా పేరు రాయించి వస్తానని కదండీ బయల్దేరారు?"

పెద్దాయన టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి చచ్చినవాళ్లవి సరిగ్గానే ఉన్నాయేమండీ?" మేడం మెల్లగా అడిగింది.

"వాళ్లను అద్దంలో చూడలేదుగా, ఎదురుగా చూసి చేశాను. ఈయన రోజూ అన్నం తిని, కుడిచేతిలో టీవీ రిమోట్ పట్టుకుని, నోరు తెరుచుకుని పడిపోతారు. చచ్చిపడిన ముప్పై మందీ ఈయనే."

సెలూన్ అతను తాగుతున్న టీ పొలమారింది. మేడం ఆమెను పేరడిగి, అట్టమీద గుండ్రంగా రాసింది. పెద్దాయన అటే చూస్తూ కూర్చున్నాడు. సిరా ఆరేదాకా ఆగి గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ, కింద కాస్త చోటుంటే... 'శవాలు' అని పెట్టి, నా పేరు కూడా..."

మేడం భార్యవైపు చూసింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

"రాయమ్మా," అంది. "చిన్న అక్షరాలతో."