గడియ లేని తలుపు

ఆసుపత్రిని కంపెనీకి అప్పజెప్పాక, రిటైరైన పెద్ద నర్సు అక్కడికి రావడం ఇదే మొదటిసారి. పక్కింటి పాపను భుజాన వేసుకుని అద్దాల తలుపు ముందు నిలబడింది. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న చిన్న నర్సు లోపలి నుంచి పరుగున వచ్చి, తలుపు సందు దగ్గర నోరు పెట్టింది.

“అక్కా, మీరా! కార్డు తెచ్చారా?”

“ఏం కార్డే? పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ముందు తలుపు తియ్యి.”

“కార్డు పెడితేనే తెరుచుకుంటుందక్కా. డబ్బు కట్టిన సభ్యులకే ఇస్తారు.”

“నీ మెళ్లో ఉందిగా, అది పెట్టు.”

“నాది పెడితే పైవాళ్లకి తెలిసిపోతుంది. పోయిన నెల ఇలాగే తలుపు తీసినావిడకి ఉద్యోగం ఊడింది.”

“మనప్పుడు ఈ తలుపుకి గడియే ఉండేది కాదు.”

“గడియ లేదు, కుక్కలొస్తున్నాయి, కంపెనీకిస్తే బాగుపడుతుందని మా అందరిచేతా సంతకాలు పెట్టించింది మీరే కదక్కా?”

పెద్ద నర్సు పాపను ఇంకో భుజానికి మార్చుకుంది.

“కుక్కలు రాకూడదనే అడిగానే తల్లీ.”

చిన్న నర్సు కాసేపు పాప ముఖం వైపే చూసింది. మెళ్లో కార్డు తీసి తలుపుకు ఆనించింది.

“రండక్కా. రేపట్నుంచి నేనూ బయటే.”