పెద్దరికానికి అభ్యంతరం

హలో… ఆ, నేనే. సమాధానం అంటే నేనే, ఎండుచేపల కొట్టు. ఎవరూ?… కొంచెం గట్టిగా…

ఓహో! కావలి హెబ్రోను బావగారా! ట్రంకాల్ ఫోను చేసినారే! మా చెల్లెల్ని మా గడపలో దించిపోయి ఏడాది తిరిగొస్తాంది, ఒక కార్డుముక్క రాయలా. ఇయ్యాళ ట్రంకాల్!

…ఒక్క నిమిషం. ఆనందా, నీ మొగుడే. …నువ్వు కూర్చోమ్మా, ఆ నెత్తళ్ళ చేపలు ఏరుకో. నేను మాట్లాడతా.

ఆ, చెప్పండి. …ఎట్టా ఉందా? ఇప్పుడా అడిగేది! …సరే సరే, అసలు సంగతికి రండి, మళ్ళీ మధ్యలో లైను కోసేస్తారు.

…ఆ. తెలుసు. పోయిన ఆదివారం గుళ్ళో మీ పేరు చదివినారంట గదా, సంఘపెద్దగా నిలబెడతామని. ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పమన్నారంట. …చెప్పినారా! …మా ఇంటినుంచా? పాస్టరుగారు పేరు చెప్పలా? …ఊఁ. 'నెల్లూరునుంచి' అన్నారా. అంతవరకు చాల్లే.

…అరవబాకండి. ఫోనుకు చెముడు లేదు.

…ఏం అబద్ధం? నిరుడు శుక్రవారం కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పలా నువ్వు? 'నా భార్యలో మగదయ్యం దూరింది, మగగొంతుతో మాట్లాడతా ఉంది' అని? అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేసినారు గదా… అవునయ్యా, బొంగురుపోయింది గొంతు. గుళ్ళో పాటలు ఎత్తుకునే మనిషికి గొంతు అట్టా పోతే నీకు దయ్యం కనపడింది. జబ్బు కనపళ్ళా.

మంచం దిగకపోతే సోమరి అన్నావు. ఒళ్ళు ఉబ్బితే తిని బలిసిందన్నావు. నడి ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంటే వేషాలన్నావు. ఊరికే కూర్చుని ఏడుస్తుంటే విశ్వాసం లేదన్నావు. ఆఖరికి ఉపవాస ప్రార్థన అని చెప్పి నోటికాడ అన్నం తీసేసినావు…

—ఏం జబ్బా? అడిగినావు, బాగుంది. గొంతుకాడ ఒక గ్రంథి ఉంటుందంట, థైరాయిడు అంటారు. అది సరిగ్గా పని చెయ్యకపోతే మనిషికి మనిషే మందగిస్తుంది. ఇక్కడ ఆసుపత్రి డాక్టరమ్మ ఏం చేసిందనుకున్నావు? కుర్చీమీద మోకాళ్ళెయ్యమని, మడమ వెనక చిన్న సుత్తితో తట్టింది. నీకో నాకో అయితే పాదం ఎగిరి ఠక్కున దిగుతుంది. ఆనందకు ఎగిరింది… దిగడం మాత్రం, తడిసిన తెరచాప దిగినట్టు మెల్లగా దిగింది. నేను పక్కనే ఉండి చూసినా. ఒళ్ళు నొక్కితే గుంట కూడా పడలా. నీరు పట్టిందేమో అనుకున్నా గానీ, అది వేరే వాపంట. రోజూ బొటనవేలితో సరుకు నొక్కి చూసే నాకే తెలవలా.

…హలో? …ఎక్స్‌చేంజీనా? టైమయిపోయిందా, పొడిగించాలా? నన్నెందుకమ్మా, ఆయన్నడుగు, చేసింది ఆయన. …ఆ, ఒప్పుకున్నాడా. పెద్దరికానికి బాగానే తపించిపోతున్నాడు.

…మాత్రలిచ్చినారు. పొద్దున్నే పరగడుపున. బతికినన్నాళ్ళూ మింగాలంట. …తగ్గింది. గొంతొచ్చింది, వాపు దిగింది.

…ఆగు! 'నయమైపోయిందిగా' అనబాక. కాలా. ఒళ్ళు లేచింది గానీ మనసు లేవలా. డాక్టరమ్మ ముందే చెప్పింది, రెండు జబ్బులు ఒకే మనిషి మీద కూర్చున్నాయి, ఒకటి దిగితే రెండోది దానంతటదే దిగుతుందనుకోవద్దని. దిగులుకు వేరే మాత్ర, కొత్తగా వచ్చిందంట. మద్రాసునుంచి తెప్పిస్తుండా. …ఇప్పటికీ కొన్ని పొద్దులు గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది. మా ఆవిడ ఎలిశబెతు పోయి పక్కన కూర్చుంటుంది, ఏమీ అనదు. లేచిందంటే ఇద్దరూ పెన్న గట్టుదాకా నడిచొస్తారు, ఆ తర్వాత కొట్లో పని. చేతిలో పనుంటే కొంచెం నిలబడుతుంది. లేవని పొద్దు, లేవని పొద్దే. దానికి మేం దయ్యం పేరు పెట్టం.

…క్షమాపణా? నాకెందుకు నీ క్షమాపణ? ఎండబెట్టి అమ్ముకోనా?

…ఏందీ? …మళ్ళీ చెప్పు. …అభ్యంతరం వెనక్కి తీసుకుంటే పాపను, పుష్పను పంపిస్తావా!

…ఆనందా, కూర్చోమ్మా. పాప బాగానే ఉంది. కూర్చో.

బావా, తల్లి దయ్యం బిడ్డకు తగులుతుందని గదా పిల్లను ఆపుకున్నావు? పెద్దరికం జారుతుందనంగానే దయ్యం పారిపోయిందా? కన్నబిడ్డను తక్కెట్లో పెట్టినావే!

…ఇప్పుడు నా మాట విను. ఈ ఏడాదంతా నేను ఒకదానికోసం కాచుకోనుండా. నువ్వు దేన్నైనా గట్టిగా ఆశపడే రోజు రావాలని. పెళ్ళాం దూరమైపోయినా నీకు పట్టలా. నీ వ్యాపారం పడుకున్నా పట్టలా. గుళ్ళో ముందు బెంచీ మీద కూర్చోవాలనే ఆశ ఉందని ఇప్పుడు తెలిసింది. దొరికినావు.

…వెనక్కి తీసుకోను. ఎట్టా తీసుకుంటా? అభ్యంతరం చెప్పింది నేను కాదు.

…ఒట్టు. నేనే చెప్పుంటే ఈపాటికి బేరం కుదుర్చుకునేవాణ్ణి. పాపను రాబట్టుకుని, నీ పెద్దరికం నీకు పారేసి ఊరుకునేవాణ్ణి. నాది వర్తకుడి బుద్ధి గదా.

…ఇంకెవరు? మీ ఇంటిదే! మొన్న బస్సెక్కి కావలి వచ్చి, పాస్టరుగారి వరండాలో నిలబడి తన నోటితో చెప్పింది. తోడొస్తానంటే నన్ను వద్దంది. నీ వీధి మీదే నడిచిపోయింది, నువ్వు చూడలా.

…నమ్మవా? నమ్మబాక.

…ఏందమ్మా? …ఊఁ. …ఊఁ. అట్టాగే చెబుతా.

వింటుండావా? ఆదివారం తనే వస్తుందంట. పాప గుడ్డలు మూట కట్టి ఉంచమంటా ఉంది. సంఘం ముందర నువ్వు చెప్పిన సాక్ష్యం ఏందో, అసలు జరిగింది ఏందో చెబుతుందంట. చెప్పి పాప చెయ్యి పట్టుకుని బస్సెక్కుతుందంట. వెనక్కి తీసుకునేది లేదంట.

…పంపనంటావా? ఆ మాట అక్కడ అను. ఆడవాళ్ళ వరసల ముందు నిలబడి, తల్లికి బిడ్డనివ్వను అను. వినాలని నాకూ ఉంది.

…నవ్వుతుండావా? 'ఆదివారం మంచం దిగితే గదా' అంటావా?

దిగకపోతే ఆపై ఆదివారం వస్తుంది. అప్పుడూ కాకపోతే ఆ తర్వాత వస్తుంది. పాస్టరుగారు మాటిచ్చినారు, ఆమె వచ్చి చెప్పుకునేదాకా నీ పేరు మళ్ళీ చదవరు. ఆమె ఎప్పుడు లేస్తుందా అని ఇన్నాళ్ళూ మేం చూసినాం. ఇంక నువ్వు చూడు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకో, మా ఆనంద ఒంట్లో బాగుండాలని!

…బతిమాలబాకయ్యా. …ఉండు, ఆమే అడగతా ఉంది ఫోను. ఇదిగోమ్మా, వైరు జాగర్త. మాట్లాడు.

…

ఏమ్మా… ఫోను పెట్టేసినావే! ఒక్క మాటన్నా అనకుండా?