నీలం సంతకం

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న లెక్కల మాస్టారుగారికి, వేదిక మీదకి రమ్మంటే రాకుండా ఇంకా ఆ మూల స్పీకరు వైరు సరిచేస్తున్న మా షాపు పెద్దాయనకి, పాత కంప్యూటర్ల సంఘం వాళ్ళకి, ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న మాస్టారి అమ్మగారికి, నా తోటి పనివాళ్ళకి, అందరికీ చేతులెత్తి నమస్కారం.

నా గొంతు రెండో వరస దాటదని మీ అందరికీ తెలుసు. షాపులో చేరిన ఈ ఇరవై ఏడేళ్ళలో ఎవరినైనా పిలవాలంటే దగ్గరికెళ్ళి భుజం తట్టడమే గాని కేకేసి ఎరగను. అసలు రెండు ముక్కలు చెప్పి దిగిపోదామనే అనుకున్నాను. కానీ ఒక మాట పదకొండేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. నోటితో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మింగేశాను. కాగితం మీద పెడితే ఇక మింగే వీలుండదు కదా అని పెన్ను పట్టుకున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇన్ని పేజీలు రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. చదివేది నేనే కాబట్టి మీకు బాధ లేదు.

(నవ్వులు)

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. మా షాపుకి వచ్చేవి ఇప్పటి కంప్యూటర్లు కావు. ఇంట్లో టీవీకి తగిలించి, టేపురికార్డరులోంచి కీచుమని శబ్దం చేస్తూ ఆటలు ఎక్కించుకున్న రోజుల నాటివి. వాటి లోపలి జబ్బులు పెద్దాయన చూస్తారు. బొమ్మ రాకపోతే మా మానిటర్ల తమ్ముడు చూస్తాడు. పైపై ఒళ్ళు నాది. కీలన్నీ ఊడదీసి, సబ్బునీళ్ళ గిన్నెలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, తువ్వాలు మీద వరసగా ఆరబెడతాను. పసుపుపచ్చగా మారిన పెట్టెకి పెరాక్సైడ్ క్రీము పూసి, పల్చటి ప్లాస్టిక్ చుట్టి, డాబా మీద ఎండలో పెట్టి, అరగంటకోసారి తిప్పుతాను. సాయంత్రానికి తెల్లగా, పుట్టినప్పటి రంగుకి వస్తుంది. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి చేసే పని కాబట్టి, ఇది కూడా ఒక పూజ అనుకునే చేశాను. ఇప్పుడు ఆ క్రీము నా చేతులకి పడటం లేదు. చేతి తొడుగులు వేసుకున్నా వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోతోంది. డాక్టరుగారు, "అమ్మా, పెట్టెల తోలు తీసింది చాలు, ఇక నీ తోలు కాపాడుకో" అన్నారు. అందుకే ఈ సెలవు.

"అక్కా, నువ్వు అనుకోకుండా కలిసిన గొప్పవాళ్ళ గురించి చెప్పు" అని సంఘం వాళ్ళు అడిగారు. నిజమే, మీరు ఫొటోల్లో చూసి మురిసిపోయేవాళ్ళలో ఇద్దరిని నేను పక్కన నిలబడి చూశాను. ఎవరో తెలియకుండా చూశాను, అదే తమాషా.

ఒకావిడని పళ్ళ డాక్టరు దగ్గర చూశాను. బుగ్గ వాచిపోయి, మాట సరిగ్గా రాక, నా పక్కన కూర్చుంది. నా సంచిలోంచి కీల డబ్బా కిందపడి, నలభై కీలు నేలంతా దొర్లాయి. నాతోపాటు ఆవిడా వంగి ఏరుతూ, ఒక్కో కీ చూసి "ఇది ఫలానా మెషీనుది, ఇది దాని తర్వాత వచ్చినదానిది" అంటోంది. "మీకెలా తెలుసండీ" అంటే, "ఒకప్పుడు దాని మీద ఒక ఆట రాశాను లెండి, కోటలో తిరిగే ఆట" అంది. మీరందరూ చిన్నప్పుడు నిద్ర మానుకుని ఆడిన ఆటే. ఆ కోటలో మూడో గదిలో ఒక తలుపుంటుందట, ఎవరికీ తెరుచుకోదట. దాని వెనకాల ఏముందోనని మా మానిటర్ల తమ్ముడు ఇరవై ఏళ్ళుగా ఎవరితోనో ఒకరితో పోట్లాడుతూనే ఉన్నాడు. నేను వాడి తరఫున అడిగాను. "ఏమీ లేదమ్మా" అంది ఆవిడ, బుగ్గ పట్టుకుని. "మెషీనులో చోటు అయిపోయింది. తలుపు బొమ్మ గీశాను గాని, వెనకాల గది పెట్టడానికి ఖాళీ మిగల్లేదు."

(పెద్దగా నవ్వులు. వెనక నుంచి "అక్కా, అబద్ధమని చెప్పు!" అని ఒక గొంతు.)

అబద్ధం కాదు తమ్ముడూ. చెప్పుకోవడానికి ఆవిడ అనుమతి కూడా ఇచ్చింది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ నేనే చెప్పలేదు. అయితే ఆవిడ ఆ తర్వాత అన్న మాటే నన్ను వదల్లేదు. "మొదటిరోజు ఎవరో అడిగినప్పుడే చెప్పేసి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళు. ఊరుకున్నాను. వాళ్ళు దానికి ఏవేవో అర్థాలు కట్టుకున్నారు. ఇక అప్పుడు చెప్పాలంటే వాళ్ళ చేతిలోది లాక్కున్నట్టు అనిపించి, ఇంకా ఊరుకున్నాను" అంది. లోపలికి పిలిస్తే వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ కీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నా పేరు పిలిచినా వినకుండా కూర్చున్నాను.

ఎందుకంటే అప్పటికి నా దగ్గర కూడా అలాంటి తలుపు ఒకటుంది.



రెండో మనిషి గురించి చెప్పాలంటే, ముందు మాస్టారుగారి తమ్ముడి గురించి చెప్పాలి. మాస్టారూ, మిమ్మల్ని అడగకుండా చెబుతున్నాను, క్షమించండి. ఆయన తమ్ముణ్ణి పద్నాలుగేళ్ళప్పుడు కంప్యూటర్ల ప్రదర్శనకి తీసుకెళ్తే, తన దగ్గరున్న చిన్న కంప్యూటరు చంకలో పెట్టుకెళ్ళి, దాన్ని తయారుచేసిన ఆయన చేతే దాని అడుగున సంతకం పెట్టించుకున్నాడట. పంతొమ్మిదేళ్ళకి ఆ పిల్లవాడు పోయాడు. ఆ కంప్యూటరు ఇదిగో, ఈ బల్ల మీదున్నదే. పదకొండేళ్ళ క్రితం మాస్టారుగారు దాన్ని మా షాపుకి తెచ్చి, "పచ్చబడిపోయిందమ్మా, మావాడి రోజుల్లోలా చెయ్యి" అన్నారు. పెద్దాయన రిజిస్టరులో, "అడుగున నీలం సంతకం ఉంది, ముట్టుకోవద్దు" అని రాశారు.

నేను రిజిస్టరు చదవలేదు. రోజూ చదివేదాన్ని, ఆ రోజు చదవలేదు. ఎండ బాగుంది, మబ్బు పట్టేలోపు అయిపోవాలని తొందర. పెట్టె తిరగేస్తే అడుగున ఏదో గీత కనిపించింది. చిన్నపిల్లలు గీకిన గీతలు ఎన్ని తుడిచానో, అదీ అలాంటిదే అనుకున్నాను. క్రీము పూసి, గుడ్డతో రుద్దాను. చక్కగా పోయింది. ఎంత బాగా పోయిందో అని మెచ్చుకున్నాను కూడా, నన్ను నేనే.

సాయంత్రం రిజిస్టరులో "పూర్తయింది" అని రాయబోయి ఆ వాక్యం చదివాను.



పెద్దాయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మాస్టారుగారు ఊళ్ళో లేరు, రెండు వారాలకి గాని రారు. ఆ రెండు వారాలూ నేను దేవుణ్ణి అడగని రోజు లేదు. ఏమని అడగాలో కూడా తెలిసేది కాదు. పోయిన సిరా తిరిగి ఇమ్మని ఎవరైనా అడుగుతారా?

పదమూడో రోజు వాన. మధ్యాహ్నం పెద్దాయన విడిభాగాల కోసం బయటికెళ్ళారు. అరవై దాటిన ఒకాయన తడిసి ముద్దయి లోపలికొచ్చి, "వాన తగ్గేదాకా నిలబడనా తల్లీ" అన్నారు. కీలు ఆరబెట్టే తువ్వాలే ఇచ్చాను. తల తుడుచుకుని, కౌంటరు మీదున్న అదే రకం మెషీను చూసి, రబ్బరు కీలు టకటకా నొక్కడం మొదలుపెట్టారు. నా ప్రాణం విలవిల్లాడింది.

"బాబాయిగారూ, అలా గుచ్చకండి, వేలి చివరతో మెల్లిగా నొక్కాలి. దీన్ని చేసినాయన ఎవరోగాని కింద మరీ పల్చటి పొర పెట్టి చచ్చాడు, ఊరికే చిరుగుతుంది" అన్నాను. నా నోట అలాంటి మాట ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

ఆయన తువ్వాలు మడిచి కౌంటరు మీద పెట్టి, "చావలేదమ్మా. వానలో తడిసి మీ షాపుకే వచ్చాడు" అన్నారు.

(నవ్వులు, చప్పట్లు)

మీరు నవ్వుతున్నారు. నేను ఏడ్చాను. ఆయన కంగారుపడి, "అయ్యయ్యో, నువ్వన్నది నిజమేనమ్మా, ఆ పొర మందంగా పెట్టాల్సింది" అని నన్ను సముదాయిస్తున్నారు. అప్పుడు మాస్టారుగారి మెషీను తెచ్చి, తిరగేసి, అంతా చెప్పాను. దేవుడు పంపించాడనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను గాని, ఎందుకు పంపించాడో ఆ రోజు సగమే అర్థమైంది.

"ఎక్కడుండేది? ఎంత ఉండేది?" అని అడిగారు. వేలితో చూపించాను. పెట్టెల మీద నంబర్లు వేసుకునే నల్ల మార్కరు ఇచ్చాను. అప్పుడు నా చేతిలో ఉన్నది అదే. ఆయన కళ్ళజోడు సర్దుకుని, సంతకం పెట్టి, మూత బిగించి అన్నారు: "చూడు తల్లీ, ఈ సంతకం నాదే. కానీ ఇది ఆ పిల్లవాడు పెట్టించుకున్నది కాదు. ఆ ముక్క వాళ్ళకి చెప్పడం నీ పని."

"చెబుతానండీ" అన్నాను.

వాన వెలిసింది, ఆయన వెళ్ళిపోయారు. సంతకం ఊసెత్తకుండా, అంత గొప్పాయన వచ్చివెళ్ళారని మాత్రం చెబితే పెద్దాయన వారం రోజులు నమ్మలేదు. తడిసిన తువ్వాలు తప్ప నా దగ్గర సాక్ష్యం లేదు మరి.

మర్నాడు మాస్టారుగారు వచ్చారు. మెషీను తిరగేసి, సంతకం మీద బొటనవేలు ఆనించి, కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. రంగు మారిందని ఆయనకి తట్టనే లేదు. ఆ మనిషితో ఆ క్షణాన ఎలా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. రేపు అన్నది పదకొండేళ్ళు పట్టింది.

ఎవరికీ నష్టం లేదులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నష్టం ఉందని నెల క్రితం తెలిసింది. మాస్టారుగారు అమ్మగారిని తీసుకుని షాపుకొచ్చారు. పదిమంది ఉన్నారు. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, మావాడు పెట్టించుకున్న సంతకం నీలంగా ఉండేది కదూ? నల్లగా ఎందుకుంది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మాస్టారుగారు నవ్వి, "అమ్మకి ఈ మధ్య అన్నీ తారుమారవుతున్నాయి. ఈ రంగు గురించైతే ఏళ్ళ తరబడి ఇదే గొడవ. జ్ఞాపకశక్తి పరీక్షకి కూడా రాయించాం. ఇంటి తాళాలు కూడా ఇప్పుడు నా దగ్గరే పెట్టుకుంటున్నాను" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కొడుకుగా భయంతో అన్నారు. అందులో ఆయన తప్పు లేదు. కానీ అమ్మగారు నా చెయ్యి వదిలేశారు. "అంతేనేమోరా" అని తల దించుకుని కూర్చున్నారు. పదిమందిలో ఆవిడ తల దించుకోవడం నేను చూశాను. కారణం నేనని నాకొక్కదానికే తెలుసు. అయినా నోరు పెగల్లేదు.

ఆ రాత్రే పెన్ను కొనుక్కున్నాను. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే సరిదిద్దాలి కదా. అందుకే మాస్టారుగారి ఇంటికి వెళ్ళి చాటుగా చెప్పకుండా, ఇక్కడ చెబుతున్నాను.

అమ్మగారూ, మీ అబ్బాయి పెట్టించుకున్న సంతకం నీలమే. మీ మిగతా జ్ఞాపకాల సంగతి డాక్టరుగారు చూస్తారు. ఈ ఒక్కదాంట్లో మాత్రం మా అందరిలోకీ సరిగ్గా గుర్తున్నది మీకే. చెరిపింది నేను. నల్లది పెట్టించింది నేను. మీకు మతి తప్పిందనిపించేలా చేసిందీ నేనే.

ఇంకొకటి ఉంది. ఆ రోజు తుడిచిన గుడ్డ పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఉతకడానికీ రాలేదు. పదకొండేళ్ళూ మా ఇంట్లో దేవుడి పటం కింద మడిచి ఉంచాను. రంగు కొంచెం వెలిసింది. అయినా తెలుస్తోంది. ఇది నాది కాదు, మీది.

(వేదిక దిగి ముందు వరస దగ్గరికి వెళ్ళారు. మాస్టారుగారు కూడా కుర్చీ వదిలి కిందికి వచ్చారు. మాస్టారి అమ్మగారు గుడ్డ విప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.)

(మాస్టారి అమ్మగారు: "నీలమే. నే చెప్పలేదట్రా?")

(మాస్టారుగారు: "చెప్పావమ్మా. చాలాసార్లు చెప్పావు.")

(మాస్టారి అమ్మగారు: "అయితే తాళాలిటివ్వు.")

(నవ్వులు, చప్పట్లు. మాస్టారుగారు జేబులోంచి తాళాలగుత్తి తీసి ఆవిడ చేతిలో పెట్టారు.)

మైకు వద్దు, ఇక్కడినుంచే చెబుతాను, ఇంకొంచెమే ఉంది.

అమ్మగారు నా చెయ్యి మళ్ళీ పట్టుకున్నారు. చర్మం లేచిపోయిన ఈ చెయ్యిని చూసి, "నొప్పా తల్లీ?" అంటున్నారు. లేదమ్మా. ఇప్పుడు లేదు.

నాకు పని నేర్పి, రోజుకి వందసార్లు "మెల్లిగా, మెల్లిగా" అని చెప్పి, ఒక్కసారి కూడా కసురుకోని పెద్దాయనకి నేను తీర్చుకోగలిగింది ఏమీ లేదు. మిమ్మల్ని కూడా ఇన్నేళ్ళు మోసం చేశానండీ. మీరు అక్కడ తల అడ్డంగా ఊపుతున్నారు గాని, చేశాను. మానిటర్ల తమ్ముడూ, ఆ తలుపు వెనకాల ఏమీ లేదన్నానని అలగకు. పళ్ళ డాక్టరు దగ్గర ఆవిడ, వానలో వచ్చిన ఆయన, వాళ్ళెంత గొప్పవాళ్ళో నాకు తెలిసే చదువు లేదు. మెషీనులో తమ తప్పు ఎక్కడుందో ఇద్దరూ నాలాంటిదాని ముందు దాచుకోకుండా చెప్పారు. నేను వాళ్ళ దగ్గర చూసిన గొప్పతనం అది. దాన్ని నేర్చుకోవడానికి నాకు ఇంత ఆలస్యమైంది. అంత ఆలస్యాన్నీ ఓర్చుకున్న దేవుడికి, ఇప్పుడు నామీద కోపం తెచ్చుకోకుండా ఇలా చూస్తున్న మాస్టారుగారికి, మీ అందరికీ నా కృతజ్ఞతలు.

పెద్దాయనా, చివరి కోరిక ఒకటి. ఈ కాగితాలు ఇదిగో, మీ చేతికే ఇస్తున్నాను. పాత రిజిస్టరులో "నీలం సంతకం ఉంది, ముట్టుకోవద్దు" అని మీరు రాసిన పేజీ దగ్గర పెట్టి ఉంచండి. విన్నవాళ్ళు విన్నారు, అది చాలు. ఫొటోలు తీయొద్దు, ఎవరికీ చూపించొద్దు. పారేయడం మాత్రం చెయ్యొద్దు. నా పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయికి ఒక్క మాట చెప్పండి చాలు: గిన్నెలో నీళ్ళు పోసేముందు రిజిస్టరు చదవమనండి.

ఇక సెలవు.