పద్ధెనిమిదో గీత

లే బావా, ఆ బల్ల మీంచి లే. రోజూ ఎనిమిది కొట్టేసరికి వచ్చి, సరిగ్గా ఈ వాన కొలిచే గొట్టానికి ఎదురుగా కూర్చుంటావు. పోయి మూడేళ్ళయింది. పోయినవాడు పోయినట్టుండాలా, వద్దా?

ఏమిటా చూపు? ఇవాళ వాన లేదు. ఇదిగో, పుస్తకంలో సున్నా చుట్టాను, చూసుకో. అయినా నీకేం తెలుస్తుందిలే! రాత్రిబడిలో నేను అక్షరాలు దిద్దుతుంటే నువ్వు గోడకి ఆనుకుని గురక పెట్టావు. పైగా నన్ను 'పంతులూ' అని ఏడిపించడమొకటి.

మన తాతల కాలంలో ఎండాకాలం వానంటే నవ్వేవాళ్ళు. ఇప్పుడో? సరిగ్గా ఉప్పు కుప్పలు పోసే వేళ చూసి మరీ కురుస్తోంది. అందుకేగా మనం సంఘం పెట్టింది? ఒక్కొక్కడు వస్తే గుమ్మం ఎక్కనివ్వం, కలిసి రండి అంది బ్యాంకు. కలిశాం. బీమా ఉంటేనే అప్పు అంది. సరే అన్నాం. బీమావాళ్ళేమో, మీ మడుల్లో ఉప్పు కరిగిందా లేదా మాకనవసరం, సంఘం పెరట్లో గొట్టం పెడతాం, అందులో ఇరవై గీతలు నిండితేనే వాన కింద లెక్క, అప్పుడే డబ్బు అన్నారు.

మడి మనది, మబ్బు మనది, వాన మాత్రం వాళ్ళు ఒప్పుకోవాలి!

గీతలు చదివేవాడెవడు అంటే అందరూ నా వైపు చూశారు. ముందు చప్పట్లు కొట్టింది నువ్వే. గుర్తుందా?

ఆ పొద్దున్న పరుగెత్తుకొచ్చావు. మోకాళ్ళ దాకా బురద. మిగతావాళ్ళకి అడుగూ బొడుగూ అయినా మిగిలింది. నీది పల్లపు మడి. ఏడాది కష్టం తెల్లారేసరికి కాలవలో కలిసిపోయింది. "ఎంతుంది పంతులూ?" అన్నావు.

గొట్టం ఎత్తి వెలుగుకి పట్టాను. "పద్ధెనిమిది" అన్నాను.

నవ్వావు బావా. ఏడవాల్సినవాడివి నవ్వావు. "రెండు గీతలేగా! ఆ చెంబులోంచి ఓ గుక్కెడు పోసెయ్. మబ్బొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"నీళ్ళు కలిపితే నాకూ పాలవాడికీ తేడా ఏముందిరా?" అన్నాను. ఎంత దర్జాగా అన్నానో! పుస్తకంలో రాసేశాను. కొలిచాక పారబోయాలని నియమం. నీ కళ్ళముందే పారబోశాను.

తర్వాత బ్యాంకు అప్పు కింద నీ మడి పోయింది. ఎవరి మడిలోనో కూలికి ఉప్పు మోశావు. ఆ ఏడు ఎండలు ఎలా కాశాయో! గంప నెత్తిన ఉండగానే ఒరిగిపోయావు.

నిన్న చెల్లి అడిగింది. నాకు వడ్డిస్తూ, తలెత్తకుండా. "అన్నయ్యా, ఆ రోజు నిజంగా పద్ధెనిమిదేనా?"

నీ భార్య మూడేళ్ళలో ఒక్క మాట అనలేదు. ఇన్నాళ్ళూ లేనిది నిన్న ఎందుకడిగింది? నువ్వేమైనా కలలోకెళ్ళి ఊదావా?

సరే, విను. నీకొక్కడికే చెబుతున్నాను.

అప్పటికే నా కళ్ళకి పొర కమ్మింది. గొట్టంలో నీళ్ళున్నాయని చేతికి బరువు తెలిసింది. గీతలు మాత్రం అలికేసినట్టున్నాయి. కనబడటం లేదంటే పుస్తకం లాగేసుకుంటారు. నలభయ్యో ఏట నేర్చుకున్న అక్షరం బావా! పోనీ ఇరవై అందామంటే, బావ కోసం రాశాడంటారు. అందుకని పద్ధెనిమిదన్నాను.

చూపున్న నీకు చదువు రాదు. చదువొచ్చిన నాకు చూపు లేదు. ఇరవై ఉందో, ఇరవై అయిదే ఉందో. ఇక నేలనడగాలి, తాగింది అదేగా.

కళ్ళు బాగు చేయించుకుని కట్టు విప్పాక, తిన్నగా ఇక్కడికే వచ్చాను. ఆ గీతలు చూశాను. ఎంత లావుగా ఉన్నాయో!

చెల్లికేం చెప్పానంటావా? "పద్ధెనిమిదే" అన్నాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. నాకు మిగిలింది చెల్లి గుమ్మం ఒక్కటే. అయినా నా మొండితనం నీకు కొత్తా?

ఇంక లేవవా? లేవవులే.

రేపూ వస్తావు. రా. బల్ల తుడిచి ఉంచుతాను.