పసుపు కారుకి బేరం

ఆదివారం ఉదయం. ఇంటి కింద కారు షెడ్డు. రెండే సీట్ల పసుపురంగు స్పోర్ట్స్ కారు, దాని చుట్టూ ముగ్గురు: దాన్ని కిందటేడు అమ్ముకున్న పళ్ళ డాక్టరు, కొనుక్కున్న కట్టుడుపళ్ళ ల్యాబు యజమాని, అతని తల్లి.

“అది కాదన్నా, అసలు నేను అమ్ముతానని మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పార్లే తమ్ముడూ. ఎవరు చెబితే ఏముంది, తాళం ఇటివ్వు. ఒక్కసారి స్టార్ట్ చేసి వింటాను.”

“వినడానికైతే వినండి. కొనడానికైతే కాదు. ఎవరు చెప్పారు?”

“టీ పెట్టనా డాక్టర్ బాబూ?”

“అమ్మా, నువ్వేనా?”

“నేనేంట్రా? టీ పెట్టనా అనడిగా, అంతే.”

“నువ్వే. నీ మొహమే చెబుతోంది.”

“నా మొహం ఎప్పుడూ ఇంతే. ఈ కారు గుమ్మంలోకి వచ్చినప్పటినుంచీ ఇంతే.”

“పిన్నిగారు తప్పేం చెయ్యలేదు తమ్ముడూ. ‘నీ కారు నువ్వు తీసుకుపో బాబూ, ఆదివారం వస్తే నాకు ముద్ద దిగడం లేదు’ అన్నారు. నాకూ అంతే కదా! నాకూ దిగడం లేదు, ఇది మా షెడ్డులో లేక.”

“మీకు కొత్తది ఉందిగా. గుమ్మం ముందు మెరిసిపోతోంది. దీనికన్నా స్పీడు కూడానూ.”

“దాని సంగతి ఎత్తకు. గేరు లేదు, బటన్లు. క్లచ్చు లేదు. ఎడమకాలికి పని లేదు, ఊరికే పక్కన పడుంటుంది, ఉద్యోగం లేని మా అబ్బాయిలాగా. ఇంజను శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా? స్పీకర్లోంచి.”

“స్పీకర్లోంచా బాబూ?”

“అవును పిన్నీ. అసలింజను పిల్లిలా గురక పెడుతుంటుంది. లోపల కూర్చున్నవాడికి పులి వినిపిస్తుంది. కట్టుడు పులి! కట్టుడుపళ్ళు చేసేవాడివి, నీకు నేను చెప్పాలా తమ్ముడూ? నమలడానికి పనికొస్తాయి, రుచి తెలీదు.”

“మరి అమ్మేటప్పుడు ఈ తెలివి ఏమైందన్నా? నడుం నొప్పి, కింద కూర్చుని లేవలేకపోతున్నా అని మీరేగా అమ్మింది.”

“అన్నాను. రోజంతా జనం నోళ్ళలోకి వంగుతానాయె.”

“ఇప్పుడు తగ్గిందా?”

“ఎక్కడ తగ్గింది? నడుం నొప్పీ ఉంది, కారూ లేదు. నా బతుకంతా ఇదే వరస. నా పాత ఎర్ర కారు సంగతే చూడు, టాపు తీసేది. బంగారం లాంటి బండి. పెళ్ళికి ముందు అమ్మించారు. రెండు సీట్లే, మరి అత్తగారు ఎక్కడ కూర్చుంటారు అని. ఇంతవరకూ ఆవిడ మా కారెక్కలేదు పిన్నీ! ఆవిడకి ఏ కారెక్కినా కడుపులో తిప్పుతుందిట!”

“అయ్యో.”

“మొన్న సిగ్నల్ దగ్గర కనబడింది. నా ఎర్రదే. సీట్లకి పూల కవర్లు తొడిగాడు. వెనక అద్దం మీద పిల్లల పేర్లు. ఉండబట్టలేక దిగి అద్దం కొట్టాను. ‘ఏంటంకుల్, అడ్రసు కావాలా?’ అన్నాడు.”

“నాకూ అంతేనన్నా. దీనికి ముందు అమ్మేసిన నా నీలం కారు గుర్తుకొస్తే ఇప్పటికీ... ఇంజను ముందుండేది దానికి. మలుపులో ముక్కు కాస్త బయటికి లాగేది. కానీ ముందే చెప్పి లాగేది. ఇది అలా కాదు, ఇంజను మన నడుం వెనక. చెప్పదు. గిర్రున తిరిగిందంటే తిరిగిందే.”

“ఇదీ చెబుతుంది. వినడం రావాలి.”

“ఏంటీ, గిర్రున తిరుగుతుందా?”

“మాటవరసకి అన్నానమ్మా.”

“మాటవరసకి కూడా తిరగకూడదు! విన్నారా డాక్టర్ బాబూ? పొద్దున్నుంచీ ముక్కులూ నడుములూ తప్ప అసలు సంగతికి ఇద్దరూ రారే! మీరు తీసుకుపోతారా, లేదా?”

“నేను రెడీ పిన్నీ. మీవాడు తాళం ఇవ్వాలిగా.”

“ఇవ్వను.”

“ఎందుకివ్వవురా? ఇది కారా అసలు? నా మోకాలి మీద జానెడు ఎత్తుంటుంది. లారీలో కూర్చున్నవాడికి ఇది కనిపిస్తుందా? వాడు టీ తాగుతూ దీని మీద నుంచి వెళ్ళిపోతాడు. అవతలికెళ్ళి ‘గుంట అనుకున్నా’ అంటాడు.”

“పొద్దున్నే ఏం మాటలమ్మా అవి?”

“నేనంటే అశుభం, నువ్వు చేస్తే సరదా. ఆ నీలం కారప్పుడూ ఇంతే. నేను రెండ్రోజులు అన్నం మానేస్తేగానీ అమ్మావు కాదు. పోనీ పీడ విరగడైంది అనుకుంటే, ఏడాది తిరిగిందో లేదో ఈ పసుపుదాన్ని తెచ్చి పెట్టావు.”

“నువ్వు అన్నం మానేసినందుకు కాదులే అమ్మింది.”

“మరెందుకు?”

“ఎందుకో. వదిలెయ్. అన్నా, అక్కడ కింద ఏం చూస్తున్నారు?”

“ఊఁ... ఉండు. ఆ చివరి టైరు కూడా చూడనీ. తమ్ముడూ, ఇవి నేను అమ్మేముందు వేయించిన టైర్లేగా?”

“అవే.”

“మార్చలేదుగా?”

“లేదన్నా. లేవండి, మీ నడుం...”

“నా నడుం సంగతి నేను చూసుకుంటా. పిన్నీ, మీరిలా రండి. ఇదిగో, ఈ అంచు మీద వేలు పెట్టండి.”

“నాకెందుకు బాబూ, మసి అవుతుంది.”

“పెట్టండి. ఏం తగిలింది?”

“గుచ్చుకుంటోంది. సన్నగా... వెంట్రుకల్లా ఉన్నాయి.”

“అదీ! కొత్త టైరుకి ఉంటాయవి. మలుపులో కారు ఒరిగిందంటే మొట్టమొదట రాలేవి ఈ అంచున ఉన్నవే. కొండ రోడ్డెక్కి నాలుగు మలుపులు గట్టిగా తిప్పితే ఒక్కటి మిగలదు. వీటితో జడ వేసుకోవచ్చు ఇప్పుడు.”

“నేను మెల్లగా నడుపుతానన్నా.”

“ఎంత మెల్లగా? తోసుకుంటూ తీసుకెళ్ళావా?”

“అదేంట్రా చిన్నా, ప్రతి ఆదివారం కొండ రోడ్డుకేగా నువ్వు వెళ్ళేది? పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తావు. చల్లగా ఉందమ్మా, మబ్బు కిందకి దిగిందమ్మా అంటావు.”

“అవును.”

“ఏంటవును? మరి ఈ వెంట్రుకలేంటి?”

“అమ్మా, ఆ టీ పెడతానన్నావు...”

“టీ లేదు, గీ లేదు. ఎక్కడికి వెళ్తున్నావు? ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పు, కోప్పడను. పిల్లలున్నావిడా?”

“ఎవరూ లేరు.”

“జబ్బేదైనా ఉందా? నాకు చెప్పకుండా ఆస్పత్రికి పోతున్నావా? డాక్టర్ బాబూ, నిజం చెప్పండి, మీకు తెలుసు కదూ?”

“నాకు పళ్ళ సంగతి ఒక్కటే తెలుసు పిన్నీ. వాడి పళ్ళు బాగానే ఉన్నాయి.”

“ల్యాబు వెనక.”

“ఏంటి?”

“ల్యాబు వెనక ఖాళీ ఉందిగా, పాత పెట్టెలు పడేసిన చోటు. అక్కడికెళ్తా. ఆదివారం ఎవరూ రారు.”

“వెళ్ళి?”

“కారాపుకుని కూర్చుంటా.”

“కూర్చుని?”

“ఊరికే. స్టీరింగు పట్టుకుంటా. గేర్లు మారుస్తా.”

“ఇంజను నడుస్తుండగానా తమ్ముడూ?”

“ఆపేసే. మధ్యాహ్నం కాగానే వచ్చేస్తా.”

“అంటే... రెండు వీధుల అవతల? రోడ్డు మీదకే వెళ్ళడం లేదా నువ్వు? ఇన్నాళ్ళూ? హమ్మయ్య! నా తండ్రే!”

“హమ్మయ్య ఏంటి పిన్నీ! ఏం మాట్లాడుతున్నారు? ఒరేయ్ తమ్ముడూ, ఏడాదిపాటు నా కారుని పెట్టెల మధ్య కూర్చోబెట్టావా? పళ్ళు ఊడి వాడకుండా ఉన్న దవడ ఎముక కరిగిపోతుందని తెలిసినవాడివే! ఇంజనూ అంతే. రబ్బర్లు ఎండిపోతాయి, ఆయిలు కారుతుంది. ఇందుకా నీకిచ్చింది? నడపగలవాడివని ఇచ్చాను నేను. ఆ నీలందాన్ని కొండ మీద నువ్వు తిప్పుతుంటే పక్కన కూర్చుని, నడపడమంటే ఇదిరా అనుకున్నా!”

“అది అప్పుడు.”

“ఇప్పుడేమైంది? చేతులు పడిపోయాయా?”

“అన్నా, వదిలెయ్యండి.”

“వదలను. ఏమైంది?”

“అమ్మా, నువ్వు పైకెళ్ళు.”

“వెళ్ళను. నేను వినకూడనిదైతే అసలే వెళ్ళను.”

“నీలందాన్ని ఎందుకమ్మానో చెప్పమంటారు, అంతేగా. కొండ దిగుతున్నా. పైనుంచి మూడో మలుపు. సగంలో ఉండగా ఫోన్ మోగింది.”

“ఎవరు చేశారు?”

“ఎవరు చేస్తారన్నా, ఆదివారం పొద్దున?”

“నేనా? నేను చేస్తే మాత్రం ఎత్తాలా? మలుపులో ఉంటే ఎత్తకురా! వదిలేస్తే పోయేదిగా!”

“వదిలేస్తే నువ్వేం చేస్తావు?”

“ఏం చేస్తా? మళ్ళీ చేస్తా.”

“మళ్ళీ ఎత్తకపోతే?”

“డాక్టర్ బాబుకి చేస్తా.”

“నిజమే తమ్ముడూ, చేస్తారు. ఒకసారి నేను రోగి నోట్లో డ్రిల్లు పెట్టి ఉండగా చేశారు. ‘బాబూ, వాడున్నాడా, పోయాడా’ అని. స్పీకర్లో ఉంది. ఆ రోగి మళ్ళీ రాలేదు.”

“ఆయనా ఎత్తకపోతేనమ్మా?”

“ల్యాబులో పన్లు చూసుకునే అమ్మాయికి చేస్తా.”

“ఆ తర్వాత?”

“ఒక్కసారే చేశాన్రా పోలీసులకి! ఒక్కసారి!”

“అందుకే ఎత్తుదామని చెయ్యి చాపా. ఫోన్ జారి కాళ్ళ దగ్గర పడింది. వంగానో, చూశానో... ఒక్క క్షణం. మళ్ళీ తలెత్తేసరికి రోడ్డు లేదు. బ్రేకు మీద నిలబడ్డా. ఆగింది. గీత కూడా పడలేదు కారుకి. కిటికీలోంచి చూస్తే చెట్ల తలలు కనిపిస్తున్నాయి. పైనుంచి.”

“చిన్నా...”

“ఫోన్ మోగుతూనే ఉంది. తీసి హలో అన్నా. ‘ఏం లేదురా, ఊరికే చేశా, క్షేమమేనా’ అన్నావు. క్షేమమే అన్నా.”

“నాకు చెప్పలేదేంట్రా?”

“ఏమని చెప్పను? అసలే కళ్ళు మూస్తే లారీలు కనిపించే మనిషివి.”

“తమ్ముడూ, మరి ఈ పసుపుదాన్ని ఎందుకు కొన్నావు?”

“ఇంకా మంచి కారైతే, బాగా పట్టుండే కారైతే భయం పోతుందనుకున్నా. షెడ్డులోంచి తీసి వీధి మూలకి వెళ్ళేసరికి చెవుల్లో మోగుతుంది. ఫోన్ మోగదు. అయినా మోగుతుంది.”

“ఇంట్లో పడేసి వెళ్ళొచ్చుగా దాన్ని.”

“ఇంట్లో పడేస్తే ఈవిడ ఎవరెవరికి చేస్తోందో అని అదో భయం. ఒకటా రెండా అన్నా. సరే, చాల్లెండి. మీరన్నది నిజమే. నడపనివాడికి ఎందుకిది? ఇదిగో తాళం. తీసుకుపోండి.”

“నిజంగానా?”

“తీసుకోండి. మళ్ళీ మనసు మారుతుంది.”

“ఏమో, ఇలా తీసుకోవాలంటే అదోలా ఉంది తమ్ముడూ. అయినా... రేపు మళ్ళీ నాకే గుర్తుకొస్తుంది, చేతికొచ్చింది వదిలేశానే అని. ఇటివ్వు.”

“ఉండండి డాక్టర్ బాబూ. ఆ తాళం ఇలా ఇవ్వండి.”

“పిన్నీ! నన్ను పిలిచిందే మీరు!”

“నేనే పిలిచాను. నా నోటితోనే పిలిచాను. ఆ నోటితోనే చెబుతున్నా, కారు అమ్మడం లేదు.”

“నువ్వేగా అమ్మా వద్దన్నది? ముద్ద దిగడం లేదన్నావు.”

“ఇప్పుడు మాత్రం దిగుతుందా? లారీ భయం లారీదే, అది చచ్చేదాకా పోదు నాకు. కిటికీ దగ్గర నిలబడి ఎన్నెన్ని అనుకున్నానురా! బ్రేకు పట్టలేదనుకున్నా. టైరు పేలిందనుకున్నా. గేదె అడ్డమొచ్చిందనుకున్నా. నా కొడుకు రెండు వీధుల అవతల, మూసేసిన ల్యాబు వెనక, ఆగిన కారులో గేర్లు మార్చుకుంటూ కూర్చున్నాడని ఒక్కనాడు తోచిందా నాకు? అన్ని భయాలూ పడ్డాను, ఇదొక్కటీ పడలేదు.”

“ఏడవకమ్మా.”

“ఏడవడం లేదు. టైరు మసి కంట్లో పడింది. ఎక్కు.”

“ఎక్కడికి?”

“కారెక్కు. కొండ మీదకి పోయి, ఆ వెంట్రుకలన్నీ ఊడగొట్టుకుని రా.”

“అమ్మా, నువ్వు చెప్పినంత తేలిక కాదు. సరే, వెళ్తాననుకో. నా ఫోన్ కట్టేసి వెళ్తా, నువ్వు ఊరుకుంటావా?”

“ఊరుకోను. నా సంగతి నాకు తెలీదూ? నీదెందుకు కట్టెయ్యడం, ఇదిగో, నా ఫోన్ నువ్వే పట్టుకుపో. డాక్టర్ బాబూ, మీది కూడా వాడికిచ్చెయ్యండి, వాడొచ్చేదాకా మీరు నా పక్కన కూర్చుంటారుగా, మీ జేబులో ఉంటే నేనాగలేను.”